సీఎస్ (కంప్యూటర్ సైన్స్) డిగ్రీ చెయ్యాలా, సొంతంగా కోడింగ్ నేర్చుకుంటే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: స్కూలు చదువు అయిపోయింది, రెండేళ్ల నుంచి పైథాన్, జావాస్క్రిప్ట్ సొంతంగా నేర్చుకుంటున్నారు, రెండు మూడు వెబ్‌సైట్లు కూడా చేశారు, ఇప్పుడు ఇంకో నాలుగేళ్లు పెట్టి కంప్యూటర్ సైన్స్ డిగ్రీ చదవాలా లేక ఆ టైమ్‌లో ఇంకా నేర్చుకుని నేరుగా ఉద్యోగానికి వెళ్లిపోవచ్చా అని.

సూటిగా చెప్పేస్తా. చదివే అవకాశం ఉండి, పెద్ద అప్పు నెత్తి మీద పడదు అనుకుంటే డిగ్రీ చెయ్యండి. కానీ కోడింగ్ ఆ డిగ్రీయే నేర్పేస్తుందని కూర్చోకండి, ఇప్పుడు ఎలా సొంతంగా నేర్చుకుంటున్నారో అలాగే ఆ నాలుగేళ్లూ నేర్చుకుంటూ ఉండండి. అవకాశం లేకపోతే మాత్రం దిగులు పడకండి, డిగ్రీ లేకుండా చాలా మంచి ప్రోగ్రామర్లు అయినవాళ్లతో నేను ఏళ్ల తరబడి కలిసి పనిచేశా. కాకపోతే డిగ్రీ మీ కోసం చేసిపెట్టే పని ఒకటుంది, అది మీకు మీరే చేసుకోవాల్సి వస్తుంది. ఆ పని ఏంటో చాలామందికి తెలీదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

నా సంగతి రెండు ముక్కల్లో. నా డిగ్రీ వేరే సబ్జెక్ట్‌లో. ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకుని ఉద్యోగంలో చేరా, తర్వాత పని చేస్తూనే ఆల్గోరిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్‌లు ఒక సిలబస్ పెట్టుకుని వరసగా చదివా. ఇప్పుడు చాలా ఏళ్లుగా బ్యాకెండ్ (యూజర్‌కి కనపడని సర్వర్ వైపు పని) టీమ్‌లు చూసుకుంటున్నా, ఇంటర్వ్యూలు చేస్తున్నా, కొత్తగా చేరినవాళ్ల కోడ్ రోజూ రివ్యూ చేస్తున్నా. డిగ్రీ ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఎక్కడెక్కడ తడబడతారో దగ్గర్నుంచి చూస్తుంటా.

ముందు ఒక అపోహ. సీఎస్ డిగ్రీ అంటే ప్రోగ్రామింగ్ నేర్పే కోర్సు అనుకుంటారు, అందుకే "వీడియోలు చూసి ఆరు నెలల్లో వచ్చేదానికి నాలుగేళ్లెందుకు" అనే మాట వస్తుంది. ఆరు నెలల్లో వచ్చేది ఒక భాష, ఒక ఫ్రేమ్‌వర్క్ (సైట్లు, యాప్‌లు త్వరగా కట్టడానికి ముందే రాసిపెట్టిన కోడ్ చట్రం). ఈ చదువు అసలు పుట్టిందే వేరే చోట. ఈ రోజు మనం వాడే రకం కంప్యూటర్ ఇంకా తయారవ్వకముందే, 1936లో అలన్ ట్యూరింగ్ ఏ యంత్రమూ తేల్చలేని ప్రశ్నలు ఉంటాయని లెక్కల్లో నిరూపించాడు. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీ మొదటి సీఎస్ డిపార్ట్‌మెంట్ పెట్టింది 1962లో. మ్యాప్‌లో దగ్గరి దారి వెతకడం దగ్గర్నుంచి నెట్‌వర్క్ రౌటర్లు దారి ఎంచుకునే ఓఎస్‌పీఎఫ్ పద్ధతి దాకా వాడే డైక్‌స్ట్రా ఆల్గోరిథమ్ 1959లో అచ్చయింది. టేబుల్స్, రిలేషన్స్ అని మనం ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాషలో) రాసేదంతా 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ రాసిన పేపర్ మీద నిలబడి ఉంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మీరు రకం ఏమీ చెప్పకుండా ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పెట్టే సూచిక) క్రియేట్ చేస్తే వచ్చేది బీ-ట్రీ, అది కూడా 1970ల మొదట్లోదే. దీని పక్కన 2010లో వచ్చిన యాంగ్యులర్‌జేఎస్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ని పెట్టి చూడండి, ఎంతమంది అది నేర్చుకుని ఉద్యోగాలు తెచ్చుకున్నారో, 2021 డిసెంబర్‌తో దానికి సపోర్టే ఆగిపోయింది. రెండూ నేర్చుకోవాల్సినవే, కానీ ఒకటి పాతికేళ్ల తర్వాత కూడా మీతో ఉంటుంది, ఇంకోటి అప్పటిదాకా ఉండదు.

"ఆ పాత సబ్జెక్టులన్నీ ఫ్రీగా ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా" అంటారు. ఉన్నాయి, నిజమే. ఎంఐటీ తన కోర్సుల మెటీరియల్ అంతా ఓపెన్‌కోర్స్‌వేర్ పేరుతో నెట్‌లో పెడతామని 2001లోనే ప్రకటించింది, హార్వర్డ్ సీఎస్50 ఎవరైనా డబ్బు కట్టకుండా చెయ్యొచ్చు. లెక్చర్లు, నోట్స్, అసైన్‌మెంట్లు, పాత పరీక్ష పేపర్లతో సహా దొరుకుతాయి. సమాచారం కోసమైతే కాలేజీకి వెళ్లాల్సిన అవసరం ఎప్పుడో పోయింది.

మరి డిగ్రీలో మిగిలిందేంటి? నా లెక్కలో అసలైనది ఇదీ: మీకు ఇష్టం లేనిదాన్ని, ఇప్పుడు ఎందుకు పనికొస్తుందో తెలీనిదాన్ని, మధ్యలో వదిలెయ్యకుండా చివరిదాకా మీతో చేయించడం. సొంతంగా నేర్చుకునేవాళ్లు అవసరాన్ని బట్టి, ఆసక్తిని బట్టి నేర్చుకుంటారు. లాగిన్ పేజీ కావాలంటే ఆథెంటికేషన్ చదువుతారు, చార్ట్ కావాలంటే చార్ట్ లైబ్రరీ చదువుతారు. అలా నేర్చుకున్నది గట్టిగా ఉంటుంది, వెంటనే వాడతారు కాబట్టి మర్చిపోరు కూడా. చిక్కంతా అవసరం ఎదురవ్వని చోట. ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీని పేజీలుగా ఎలా పంచుతుందో తెలుసుకోవాల్సిన అవసరం వెబ్‌సైట్ చేసేవాళ్లకి ఎప్పుడొస్తుంది? రాదు. వచ్చిన రోజున అది "సర్వర్ ఎందుకో ఆగిపోయింది" అనే రూపంలో వస్తుంది, అది మెమరీ సంగతని కూడా తెలీదు, ఏమని వెతకాలో తెలీదు. తెలీదన్న సంగతి కూడా తెలీని ఖాళీ అన్నమాట. కాలేజీలో ఐదో సెమిస్టర్‌లో ఆ పేపర్ పాసవ్వాలి కాబట్టి విసుక్కుంటూ అయినా చదివినవాళ్లకి, వివరాలన్నీ మర్చిపోయినా, "ఇది స్వాపింగ్ (మెమరీ చాలక డేటాని డిస్క్‌కీ మెమరీకీ మధ్య తిప్పడం) కావొచ్చు" అనే అనుమానం వస్తుంది. ఆ అనుమానం వస్తే మిగతాది సగం రోజు పని.

నేను చూసినవి కొన్ని చెప్తా.

మా టీమ్‌లో ఒకతను ఉండేవాడు, డిగ్రీ లేదు, పనిలో చాలా చురుకు, యూజర్‌కి ఏం కావాలో మా అందరికంటే ముందు అతనికే అర్థమయ్యేది. ఒకసారి రెండు సిస్టమ్‌ల కస్టమర్ లిస్టులు పోల్చి తేడాలు చూపించే రిపోర్ట్ రాశాడు. మొదటి లిస్టులో ఒక్కో పేరు తీసుకుని రెండో లిస్టు మొత్తం తిరగెయ్యడం, అంతే, లూప్‌లో లూప్. టెస్ట్ డేటాలో రెండు వందల పేర్లున్నాయి, నలభై వేల పోలికలు, కంటికి కనపడనంత వేగంగా అయిపోయింది. అసలు డేటా రెండు వైపులా లక్ష చొప్పున. లక్ష ఇంటూ లక్ష, వెయ్యి కోట్ల పోలికలు. పొద్దున మొదలైన రిపోర్ట్ సాయంత్రానికి కూడా అవ్వలేదు. అతను సర్వర్ చిన్నది, పెద్దది కావాలని అడిగాడు. రెండో లిస్టుని ఒక సెట్‌లో వేసి, మొదటి లిస్టుని ఒక్కసారి నడిపించి, ఒక్కో పేరు అందులో ఉందా లేదా అని చూస్తే సెకన్లలో అయిపోయింది. ఆ సెట్ అంత వేగంగా వెతకడానికి వాడే హ్యాషింగ్ అంటే ఏంటో చెప్పిన ఆ మధ్యాహ్నమే అతనికి పూర్తిగా అర్థమైపోయింది. తెలివికేం తక్కువ లేదు. డేటా పెరిగితే పని ఏ లెక్కన పెరుగుతుందని అడగడం అలవాటు చేసేవాళ్లు లేకపోయారు అంతే.

ఇంకోటి దీనికంటే ప్రమాదం, ఎందుకంటే అసలు కనపడదు. ఒక ఆర్డర్ సిస్టమ్‌లో స్టాక్ ఉందా అని చదువు, ఉంటే ఒకటి తగ్గించి మళ్లీ రాయి అని కోడ్ ఉంది. చూడ్డానికి ఏ తప్పూ లేదు, ఒక్కరే టెస్ట్ చేస్తే వందసార్లూ సరిగ్గా పనిచేస్తుంది. వస్తువు ఒక్కటే మిగిలినప్పుడు ఇద్దరు ఒకే క్షణంలో నొక్కితే ఇద్దరికీ "ఒకటి ఉంది" అనే కనిపిస్తుంది, ఇద్దరికీ ఆర్డర్ వెళ్లిపోతుంది. దీన్ని రేస్ కండిషన్ అంటారు, ట్రాన్సాక్షన్‌లో (అన్నీ కలిపి ఒకే పనిగా జరిగేలా) పెట్టి, టేబుల్‌లో ఆ రో (row)కి ఇంకొకరు ముట్టుకోకుండా లాక్ వెయ్యడమో, లేకపోతే "స్టాక్ సున్నా కంటే ఎక్కువుంటేనే తగ్గించు" అని ఒకే అప్‌డేట్‌లో రాయడమో చెయ్యాలి. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో ఒకేదాని కోసం పోటీపడే ప్రోగ్రామ్‌ల గురించి సెమఫోర్లు, డెడ్‌లాక్‌లు అని చదివి విసిగిపోయినవాళ్లకి ఆ కోడ్ చూడగానే ఎక్కడో గుచ్చుకుంటుంది. చదవనివాళ్లకి అది మామూలు కోడ్.

దశాంశాల సంగతి కూడా అంతే. 0.1 కి 0.2 కలిపితే చాలా భాషల్లో 0.30000000000000004 అని వస్తుంది, అది బగ్ కాదు, ఐఈఈఈ 754 అని 1985 నుంచి ఉన్న స్టాండర్డ్ ప్రకారం బైనరీలో 0.1 ని కచ్చితంగా రాయలేం. డబ్బు లెక్కలు ఫ్లోట్‌లో (దశాంశాల్ని ఇలా బైనరీలో దాచే రకంలో) పెట్టకూడదని ఈ ఒక్క కారణం తెలిస్తే చాలు, అకౌంట్స్‌వాళ్లతో గొడవలు సగం తగ్గుతాయి.

ఇక థియరీ ఎందుకూ పనికిరాదు అనేవాళ్లకి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. సిబ్బందికి షిఫ్టులు వేసే ప్రోగ్రామ్ కావాలన్నారు, ఎవరికి ఏ రోజు కుదరదు, ఎవరి పక్కన ఎవరుండాలి, వరసగా రాత్రి డ్యూటీలు పడకూడదు, ఇలా బోలెడు షరతులు. దాన్ని తీసుకున్న డెవలపర్ అన్నిటికన్నా మంచి షెడ్యూల్ ప్రతిసారీ కచ్చితంగా, వేగంగా ఇచ్చే పద్ధతి కనిపెట్టాలని వారాల తరబడి కూర్చున్నాడు, పదిమందికి పనిచేసేది, ముప్ఫైమందికి వేలాడిపోయేది, తన లాజిక్‌లోనే ఏదో లోపముందని మళ్లీ మళ్లీ రాశాడు. ఇలాంటి సమస్యలు ఎన్‌పీ-హార్డ్ అనే తరగతిలోకి వస్తాయి. 1971లో స్టీఫెన్ కుక్, 1972లో 21 సమస్యలతో రిచర్డ్ కార్ప్ ఈ దారి వేశారు. ఇలాంటివాటికి ఎంత పెద్ద ఇన్‌పుట్ ఇచ్చినా వేగంగా పనిచేసే కచ్చితమైన ఆల్గోరిథమ్ ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు, దొరకదనే ఎక్కువమంది నమ్మకం. ఆ ఒక్క ముక్క తెలిసిన ఇంకో అమ్మాయి వచ్చి, "ఇది దానిలాగే ఉంది, పర్ఫెక్ట్ వద్దు, పనికొచ్చేంత మంచిది చాలు" అని ఒక రెడీమేడ్ సాల్వర్ (ఇలాంటి షరతులిస్తే జవాబు వెతికే ప్రోగ్రామ్) పెట్టి, టైమ్ లిమిట్ పెట్టి, అంతటితో ముగించేసింది. ఏ పని మీద టైమ్ పెట్టకూడదో చెప్పింది ఆ థియరీ క్లాసే.

ఇంతవరకే చదివి డిగ్రీ ఉంటే చాలనుకోకండి, రెండో వైపు కూడా ఇంతే ఉంది.

మంచి మార్కులతో డిగ్రీ అయి వచ్చిన ఒకరికి మొదటి వారం ఒక చిన్న బగ్ ఇచ్చాం. ఎర్రర్ వచ్చింది, స్టాక్ ట్రేస్‌లో (ఎర్రర్ ఎక్కడ పుట్టిందో చూపించే లిస్టులో) ఫైల్ పేరు, లైన్ నంబర్ అన్నీ ఉన్నాయి, అయినా ఆ అబ్బాయి దాన్ని చదవకుండా కోడ్ మొత్తం పై నుంచి కింద దాకా చదవడం మొదలుపెట్టాడు. బోర్డు మీద మెర్జ్‌సార్ట్ కాంప్లెక్సిటీ (డేటా పెరిగితే పని ఏ లెక్కన పెరుగుతుందన్నది) అడిగితే తడుముకోకుండా రాస్తాడు. గిట్‌లో (అందరి కోడ్ మార్పుల్నీ దాచే టూల్‌లో) ఇద్దరి మార్పులు ఢీకొని కాన్‌ఫ్లిక్ట్ వస్తే ఫోల్డర్ మొత్తం డిలీట్ చేసి మళ్లీ క్లోన్ చేసేవాడు. తప్పు అతనిది మాత్రమే అనను, కాలేజీలో రాసే కోడ్ సబ్మిట్ చేసిన రోజుతో చచ్చిపోతుంది, దాన్ని మళ్లీ ఎవరూ తెరవరు. ఉద్యోగంలో కోడ్ పదేళ్లు బతుకుతుంది, రాసినవాళ్లు వెళ్లిపోయాక కూడా. ఇతరుల కోడ్ చదవడం, చిన్న చిన్న మార్పులుగా పంపడం, టెస్టులు రాయడం, లాగ్స్ చూసి ఏం జరిగిందో ఊహించడం, "ఇది నాకు అర్థం కాలేదు" అని టైమ్‌కి అడగడం, ఇవి చాలా సిలబస్‌లలో లేవు, ఉన్నా మార్కుల కోసం అయిపోతాయి. సొంతంగా నేర్చుకున్నవాళ్లలో నాకు బాగా నచ్చేది ఇదే, అడిగి చెప్పించుకునేవాళ్లు లేక రాత్రంతా ఒక ఎర్రర్‌తో కుస్తీ పట్టి ఉంటారు కాబట్టి వాళ్లకి భయం ఉండదు, తెలీని సిస్టమ్‌లో కూడా చెయ్యి పెట్టేస్తారు. ఆ ధైర్యం ఏ క్లాసులోనూ నేర్పలేం.

పైగా ఎంత చదివినా బగ్‌లు రాకుండా పోవు. జావా స్టాండర్డ్ లైబ్రరీలో బైనరీ సెర్చ్ (వరసలో ఉన్న లిస్టుని సగానికి సగం తగ్గిస్తూ వెతకడం) రాసిన జాషువా బ్లాక్ కార్నెగీ మెలన్‌లో పీహెచ్‌డీ చేసిన మనిషి. ఆ కోడ్‌లో మధ్య స్థానం కోసం రెండు చివరల్నీ కూడి రెండుతో భాగించడం ఉంది, అర్రే బాగా పెద్దదైతే ఆ కూడిక ఆ రకం సంఖ్యలో పట్టే గరిష్ఠం 2,147,483,647 దాటి నెగటివ్ అయిపోతుంది. దాదాపు తొమ్మిదేళ్లు అలాగే ఉండి, 2006లో ఆయనే దాని గురించి బయటికి రాశారు. చదువు ఉన్నందువల్ల ఒరిగింది ఏంటంటే, బగ్ ఫలానా అని తెలిశాక కారణం ఒక్క పేరాలో చెప్పగలగడం, అందరి కోడ్‌లో అదే ఎక్కడెక్కడ ఉందో వెతకగలగడం.

డిగ్రీ వద్దనేవాళ్లు ఎప్పుడూ పెద్దవాళ్ల పేర్లు చెప్తారు. ఆ పేర్లని కాస్త దగ్గర్నుంచి చూడండి. బిల్ గేట్స్ హార్వర్డ్ మధ్యలో వదిలేశాడు, నిజమే, కానీ అక్కడున్నప్పుడు దోసెల దొంతరని తిరగేస్తూ సైజు వరసలో పెట్టడం లాంటి ఒక సార్టింగ్ సమస్య మీద చేసిన పని, అక్కడి ప్రొఫెసర్ పాపడిమిట్రియుతో కలిసి 1979లో రీసెర్చ్ పేపర్‌గా అచ్చయింది. చదువు రాక వదిలేసిన మనిషి కాదు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని బయటికి వదిలినప్పుడు హెల్సింకీ యూనివర్సిటీ స్టూడెంట్, అతన్ని ఆ దారి పట్టించింది చదువు కోసం తయారుచేసిన మినిక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్, తర్వాత లైనక్స్ మీదే థీసిస్ రాసి మాస్టర్స్ పూర్తి చేశాడు. క్విక్‌సార్ట్ అనే సార్టింగ్ పద్ధతి కనిపెట్టిన టోనీ హోర్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివింది ప్రాచీన గ్రీకు, లాటిన్ సాహిత్యం, తత్వశాస్త్రం, చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల సాఫ్ట్‌వేర్ టీమ్‌ని నడిపిన మార్గరెట్ హామిల్టన్‌ది లెక్కల డిగ్రీ, కానీ వాళ్లు చదివే రోజుల్లో సీఎస్ డిగ్రీ అనేదే దాదాపు లేదు. డూమ్ అనే వీడియో గేమ్ రాసిన జాన్ కార్మాక్ కాలేజీ తొందరగానే వదిలేశాడు, అతను మాత్రం అచ్చంగా సొంతంగా నేర్చుకున్నవాడే, ఎవరూ చెప్పకుండానే రీసెర్చ్ పేపర్లు వెతుక్కుని చదివి గేమ్ ఇంజిన్లలో పెట్టేవాడు. నేను చెప్పే ఆ "ఇష్టం లేకపోయినా చదివించే" మనిషి కొందరికి లోపలే ఉంటాడు, కార్మాక్‌లాంటివాళ్లు ఆ రకం. మీరు ఆ రకమేనా అన్నది తెలుసుకోవడానికి ఒక దారి చివర్లో చెప్తా.

ఇక ఉద్యోగాల సంగతి, ఇక్కడ మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. పెద్ద కంపెనీలు డిగ్రీ అక్కర్లేదని ప్రకటిస్తున్నాయి, ఐబీఎం లాంటివి చాలా పోస్టులకి ఆ షరతు తీసేశాయి కూడా. ఉద్యోగాల మార్కెట్ మీద పరిశోధన చేసే బర్నింగ్ గ్లాస్ ఇన్‌స్టిట్యూట్, హార్వర్డ్ బిజినెస్ స్కూల్ కలిసి 2024లో అమెరికా నియామకాల మీద ఇచ్చిన రిపోర్ట్ ప్రకారం మాత్రం, అలా షరతు తీసెయ్యడం వల్ల నిజంగా లాభపడింది ఏడాదిలో జరిగిన నియామకాల్లో 700కి ఒకటి కూడా లేదు. అది ఒక్క ఐటీ లెక్క కాదు, అన్ని రంగాలదీ, అయినా ప్రకటనకీ ఆచరణకీ మధ్య దూరం ఎంతో తెలుస్తుంది. నేను ఇంటర్వ్యూకి కూర్చున్నప్పుడు డిగ్రీ కాలమ్ చూడను, కానీ నా దగ్గరికి వచ్చేలోపే రెజ్యూమెల్ని ఎవరో, ఏదో వడపోసి పంపిస్తారు, ఆ జల్లెడలో డిగ్రీ లేనివాళ్లు ఎంతమంది రాలిపోయారో నాకు కనపడదు. మొదటి ఉద్యోగానికే ఈ ఇబ్బంది ఎక్కువ, నాలుగైదేళ్ల అనుభవం వచ్చాక చాలా తగ్గిపోతుంది. మొదటి ఉద్యోగం కోసం డిగ్రీ లేనివాళ్లు అప్లికేషన్లు గుట్టలుగా పంపడం కంటే తెలిసినవాళ్ల రిఫరల్, చిన్న కంపెనీలు, ఓపెన్ సోర్స్‌లో (కోడ్ అందరికీ తెరిచి ఉంచే ప్రాజెక్టుల్లో) కనపడే పని, ఈ మూడిటి మీద టైమ్ పెడితే మంచిది.

తర్వాత ఎప్పటికో అడ్డం వచ్చేవి రెండున్నాయి, పద్దెనిమిదేళ్లకి వీటి గురించి ఎవరూ ఆలోచించరు. ఒకటి వేరే దేశంలో పని. వర్క్ వీసాల్లో చాలావాటికి డిగ్రీ అడుగుతారు, అమెరికా హెచ్-1బి సంగతే చూస్తే డిగ్రీ లేనివాళ్లకి ఒక ఏడాది కాలేజీ చదువుకి బదులు మూడేళ్ల సంబంధిత అనుభవం లెక్కేస్తారు, అంటే నాలుగేళ్ల డిగ్రీకి పన్నెండేళ్లు. రెండోది, రేపు మీకు మెషిన్ లెర్నింగ్ రీసెర్చ్ మీదో, చిప్‌ల మీదో మనసు పడితే మాస్టర్స్, పీహెచ్‌డీ తలుపులన్నీ ముందు బ్యాచిలర్స్ ఏది అనే అడుగుతాయి. నాతో పనిచేసిన అత్యుత్తమ ఇంజినీర్లలో ఒకరు సరిగ్గా ఇక్కడే ఆగిపోయారు, వెళ్లాలనుకున్న టీమ్ రమ్మంది, కాగితాలు ఒప్పుకోలేదు. అది చూడటం నాకు చాలా బాధనిపించింది.

బూట్‌క్యాంప్‌ల (కొద్ది నెలల్లో కోడింగ్ నేర్పే కోర్సులు) గురించి కూడా ఎవరో ఒకరు చెప్తారు. అక్కడ భాష, ఫ్రేమ్‌వర్క్ త్వరగా వస్తాయి, తోటివాళ్లు దొరుకుతారు, మీరు రెండేళ్లుగా నేర్చుకున్నదాన్నే మళ్లీ డబ్బు కట్టి నేర్చుకోవడం అవుతుంది కాబట్టి మీకు నేను చెప్పను.

"ఏఐ కోడ్ రాసేస్తుంటే ఇవన్నీ ఎందుకు" అంటారేమో. అది రాసిన కోడ్ నేను ఇప్పుడు రోజూ రివ్యూ చేస్తున్నా. పైకి శుభ్రంగా ఉంటుంది, పేర్లు బాగుంటాయి, కామెంట్లు ఉంటాయి, లోపల లూప్‌లో టేబుల్‌లోని ప్రతి రోకీ ఒక డేటాబేస్ క్వెరీ ఉంటుంది, డేటా పెరిగేకొద్దీ అది నెమ్మదైపోతుంది. ఇందాక చెప్పిన స్టాక్ తగ్గించే కోడ్ కూడా అది అచ్చం అలాగే రాసి ఇవ్వగలదు. రాయడం చౌకైపోయింది, అది సరైనదేనా, పదిరెట్లు లోడ్ వస్తే నిలబడుతుందా అని చెప్పగల మనిషి కావాలి, అది చెప్పాలంటే ఆ విసుగు పుట్టించిన సబ్జెక్టులే కావాలి. నాకైతే వీటి విలువ ఇప్పుడు పెరిగిందనే అనిపిస్తోంది.

సరే, డిగ్రీకి వెళ్తే ఏం చెయ్యాలి. క్లాసు మార్కుల కోసం మీ సొంత ప్రాజెక్టులు ఆపకండి. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డేటాబేస్, కంపైలర్స్, ఈ నాలుగిటినీ పరీక్ష ముందు రాత్రి చదివి వదిలెయ్యకండి, వాటి ల్యాబ్‌లు కాపీ కొట్టకండి, మీరు కట్టే ఫీజుకి అసలు సరుకు అదే. నలుగురు కలిసి ఒకే కోడ్ మీద పనిచేసే ప్రాజెక్ట్ దొరికితే వదలొద్దు, మధ్యలో సెలవుల్లో ఇంటర్న్‌షిప్ చెయ్యండి. పోర్ట్‌ఫోలియోలో పది టుటోరియల్ సైట్ల కంటే నిజంగా ఎవరో వాడుతున్న ఒక్క చిన్న టూల్ ఎక్కువ, ఎందుకంటే దానికి బగ్ రిపోర్టులు వస్తాయి.

డిగ్రీ కుదరకపోతే, లేదా ఇప్పటికే ఉద్యోగంలో ఉండి ఇది చదువుతున్నవాళ్లైతే, కాలేజీ చేసే పని మీరే చెయ్యాలి. ఓఎస్‌ఎస్‌యూ అని గిట్‌హబ్‌లో ఫ్రీ కోర్సులన్నీ డిగ్రీ వరసలో పేర్చిన కరికులమ్ ఉంది, దాన్నో, ఏదైనా ఒక యూనివర్సిటీ సిలబస్‌నో పట్టుకోండి, మీకు నచ్చినవి ఏరుకోవద్దు, ఏరుకున్నారంటే మళ్లీ పాత కథే. నేనైతే డిస్క్రీట్ మ్యాథ్స్ కొంచెం, తర్వాత డేటా స్ట్రక్చర్స్, ఆల్గోరిథమ్స్, ఆ తర్వాత ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, డేటాబేస్ ఈ వరసలో వెళ్లమంటా. లెక్చర్ చూస్తే అర్థమైనట్టే ఉంటుంది, అది నమ్మకండి, ప్రాబ్లమ్ సెట్ చెయ్యకుండా ఏ సబ్జెక్టూ రాదు. ప్రతి సబ్జెక్ట్‌కీ ఒక వస్తువు కట్టండి: లైబ్రరీ వాడకుండా హ్యాష్ టేబుల్, సాకెట్ల మీద చిన్న హెచ్‌టీటీపీ సర్వర్, కమాండ్లు నడిపే చిన్న షెల్, ఒక ఫైల్‌లో బీ-ట్రీతో దాచిపెట్టే బుల్లి డేటాబేస్. ఇవి ఎవరికీ అమ్మలేరు, కానీ ఇవి కట్టినవాళ్లని ఇంటర్వ్యూలో పది నిమిషాల్లో గుర్తుపట్టేస్తా. ఇంకో మనిషిని తోడు పెట్టుకోండి, వారం వారం ఒకరిది ఒకరు చూసుకునేలా, ఒంటరిగా మొదలుపెట్టినవాళ్లు ఎక్కువమంది గ్రాఫ్‌ల దగ్గరో డైనమిక్ ప్రోగ్రామింగ్ దగ్గరో ఆగిపోవడమే చూశా. వేరే సబ్జెక్ట్‌లో డిగ్రీ ఉన్నవాళ్లకైతే ఇంకో దారి కూడా ఉంది, జార్జియా టెక్ 2014లో మొదలుపెట్టిన పూర్తి ఆన్‌లైన్ సీఎస్ మాస్టర్స్ లాంటివి, ఉద్యోగం చేస్తూనే చదవొచ్చు, తగిన ప్రిపరేషన్ చూపించగలిగితే వేరే డిగ్రీవాళ్ల అప్లికేషన్లు కూడా చూస్తారు.

ఇప్పుడు ఇందాక చెప్తానన్న పరీక్ష. అడ్మిషన్ నిర్ణయం తీసుకోడానికి మీకు ఇంకా కొన్ని నెలలు ఉండి ఉంటాయి. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఆల్గోరిథమ్స్ పరిచయం కోర్సు తెరవండి. రెండు నెలలు టైమ్ పెట్టుకోండి. లెక్చర్లు ఎన్ని చూశారన్నది లెక్కలోకి తీసుకోకండి, ప్రాబ్లమ్ సెట్లు మాత్రమే లెక్క, జవాబులు చూడకుండా, ప్రూఫ్ రాయమన్న చోట ప్రూఫ్ రాస్తూ, అర్థం కాని వారంలో కూడా వదలకుండా. మధ్యలో కొత్త ఫ్రేమ్‌వర్క్ ఏదో వచ్చి మనసు లాగుతుంది, వెళ్లొద్దు. సగానికి పైగా సెట్లు నిజాయితీగా మీ అంతట మీరు పూర్తి చేశారంటే, డబ్బు ఇబ్బందో ఇంకేదో ఉండి డిగ్రీ మానేసినా మీ గురించి నాకు భయం లేదు, ఉద్యోగం తిప్పలు, వీసా తిప్పలు ఉంటాయి కానీ చదువు ఆగదు. మూడో సెట్ దగ్గర ఆగిపోయారంటే అదేం అవమానం కాదు, చాలామంది అక్కడే ఆగుతారు, మీకు డెడ్‌లైన్లు, పక్కన కూర్చుని అదే ప్రాబ్లమ్‌తో కుస్తీ పట్టేవాళ్లు, అడిగితే చెప్పే టీచరు కావాలి, అవి దొరికే చోటు కాలేజీ, అప్పుడు ఇంక ఆలోచించకుండా చేరిపోండి.